ఇస్త్రీ బండి దగ్గర ఆగిన పైపు

రాయపురం, మంగళవారం రాత్రి

ఫైర్ సర్వీస్ వాళ్ళు ఈరోజు మా సందులో మంటలార్పే డ్రిల్ చేసి చూపించారు. సందు మొగలో అడ్డంగా పెట్టిన బైకుల వల్ల వాళ్ళ బండి లోపలికి రాలేదు. ఉన్న పైపులన్నీ కలిపి లాక్కొచ్చారు. ఇస్త్రీ బండి దగ్గరికొచ్చేసరికి అయిపోయాయి. నీళ్ళు ఎగజిమ్మగానే అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ తర్వాతే ఇళ్ళు లెక్కపెట్టాను. మా ఇల్లు అక్కణ్ణుంచి ఇంకా ఆరిళ్ళ అవతల.

మా కింది గది నిండా ఇంటి ఓనరు నైలాన్ చేపల వలలు, నిప్పురవ్వ పడితే చాలు. పైన నాయన, రెండేళ్ళుగా మంచం మీదే. తమ్ముడికి నైట్ డ్యూటీ. ఆ ఇరుకు మెట్ల మీద నాయన్ని నేనొక్కదాన్నే ఎలా దించను?

అన్నం తినిపిస్తుంటే నాయన అడిగాడు.

"ఏం పాపా, నీళ్ళు మనింటి దాకా వచ్చినాయా?"

"వచ్చినాయి నాయనా."

"అయితే భయం లేదులే."

లైటు ఆర్పాక, నిద్రపోయాడనుకున్నాక, మళ్ళీ పిలిచాడు.

"పాపా, ఈ రాత్రికి తలుపు గడియ పెట్టొద్దు."

గడియ తీసి వచ్చి ఇది రాస్తున్నాను. ఆయన మంచం కిటికీ పక్కనే. అక్కణ్ణుంచి చూస్తే ఇస్త్రీ బండి కనిపిస్తుంది.