తువ్వాలు కింద వెలుతురు

కుప్పం,
ఆదివారం.

పూజ్యులైన నాయనగారికి, పుంగనూరు పశువుల సంతలో మీ వెంట తిరిగి పెరిగిన చిన్నోడు సాష్టాంగపడి రాసుకునేది. నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అక్క, బావ, మన మూడు పొట్టి ఆవులు, అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోనే చేద్దామనుకున్నాను. కానీ ఎస్టీడీ బూతులో నా వెనక నిలబడేవాళ్లంతా నా శిష్యుల తల్లిదండ్రులే. ఇది వాళ్ల ముందు అరిచి చెప్పే సంగతి కాదు.

ఇక్కడ పొద్దున పూట ఇంకా చలిగానే ఉంది. గది అద్దెకిచ్చిన ఇంటావిడ రాత్రిపూట నన్ను తమిళంలో తిట్టి, తెలుగులో అన్నం పెడుతుంది. మధ్యాహ్నం మెస్సు సాంబారులో ముక్క దొరికిన రోజు పండగ. బావ ఇటువైపు వస్తే నిమ్మకాయ ఊరగాయ పంపించండి. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేక ఫిజిక్సు పుస్తకానికే పాఠం చెబుతున్నాను. పాపం, అది ఇంతవరకు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందుకే మదనపల్లె కాలేజీవాళ్లు జూన్ నుంచి వచ్చి చేరమని రాసినప్పుడు గదిలో ఒక్కణ్ణే గంతులు వేశాను. రోజూ మన ఇంటి నుంచే బస్సులో పోయి రావచ్చు. వచ్చే శనివారం లోపల అవునో కాదో చెప్పమన్నారు. అవునని రాద్దామని పెన్ను తీసేలోపల వెలుతురు అడ్డం వచ్చింది.

మొన్న గురువారం ఇంటర్ పిల్లలకు వెలుతురు పాఠం. గాజుపలకకు దీపం మసి పట్టించి, రెండు బ్లేడ్లు జతగా పట్టుకుని గీశాను. గంగమ్మ జాతరలో కొన్న ఎర్ర లేజరు లైటు కీచైను దాని మీద వేశాను. రెండు గీతల్లోంచి పోయిన వెలుతురు గోడ మీద రెండే గీతలు వేయాలి కదా? వరసగా ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు చారలు పడ్డాయి. అలలు ఒకదానితో ఒకటి కలిసీ, చెరుపుకునీ వేసే చారలివి, కాబట్టి వెలుతురు అల అని ఘనంగా ప్రకటించాను. మరునాడు, అదే వెలుతురు లోహం మీద గింజల్లా పడి ఎలక్ట్రాన్లను ఎగరగొడుతుందని బోర్డు మీద బొమ్మ వేసి, వెలుతురు కణం అని అంతే ఘనంగా ప్రకటించాను.

ముందు బెంచీలో సెల్వి అనే అమ్మాయి లేచింది.

"నిన్న అల అంటిరి, ఇయ్యాల గింజ అంటాండారు. యాదో ఒగటి చెప్పండి సార్."

"రెండూనమ్మా."

"మా ఇంట్లో నేనిట్లా రెండు మాటలు చెప్తే వీపు పగలకొడ్తారు సార్."

వెనక బెంచీలో కాలేజీ యజమాని మునస్వామప్ప కూర్చుని ఉన్నాడు. చెప్పాపెట్టకుండా వచ్చి పాఠం వినడం ఆయన తనిఖీ పద్ధతి. ఒకప్పుడు సంతల్లో ఎద్దుల బేరాలు చేసినవాడు, భుజం మీది తువ్వాలు నేటికీ దిగలేదు. దాన్ని చూడగానే మీరు గుర్తొచ్చారు. నా బుద్ధి పోయింది.

ఆ తువ్వాలు అడిగి తీసుకున్నాను. "సంతలో దళారులు దీని కింద చేతులు కలిపి, ధర ఎంతో అన్ని వేళ్లు నొక్కి బేరమాడతారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. వెలుతురూ అంతే. గీతలతో అడిగితే అలనంటుంది, లోహంతో అడిగితే గింజనంటుంది. అడగకముందు ఏమిటంటారా, ఇదిగో, గుడ్డ కింద ఉంది" అన్నాను. పిల్లల కళ్లు మెరిశాయి. అక్కడ ఆపి ఉంటే బాగుండేది.

మునస్వామప్ప లేచి వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. "నాతో ఆడు సూద్దాం. ఎన్నేండ్లుంటావప్పా మా కాలేజీలో?"

పిల్లలు నవ్వారు. పాఠం రక్తి కట్టిందని నేనూ నవ్వుతూ ఆయన వేళ్లు మూడు గట్టిగా నొక్కాను. ఆయన తువ్వాలు లాగేశాడు.

"మూడేండ్లు! అందురూ ఇన్నారు గదా. ఐపాయ!"

"అది పాఠం సార్!"

"పాఠమైతే నోటితో చెప్పాల. నా వేళ్లు యాల నొక్కితివి?"

మరునాడు సెల్వి స్టాఫ్‌రూముకు వచ్చి, "ముందుండిన సార్లు ఇద్దురూ నడిమధ్యలో పోయిరి సార్. మీరు మూడేండ్లుంటారని మా నాయనకు చెప్పేసినా. ఇంగ సదువు మానిపించనన్నాడు" అంది. సంతోషమమ్మా అన్నాను. గదికి వచ్చి పడుకున్నాను. ఇంకేం చేయగలను?

మీరు ఒకసారి కర్రి ఆవు బేరంలో పొరబాటున ఒక వేలు తక్కువ నొక్కి, వారం రోజులు అన్నం సయించకపోయినా మాట వెనక్కి తీసుకోలేదు. అందుకే మిమ్మల్ని అడగాలంటే భయం. అడగకుండా ఉండాలన్నా భయమే.

ఈ కవరులో మదనపల్లెకు రాసిన జాబులు రెండు పెట్టాను. ఒకదానిలో వస్తానని, ఇంకొకదానిలో రాలేనని. రెండింటికీ స్టాంపు అంటించాను, రెండింటి మీదా నా సంతకమే ఉంది. నేను నొక్కింది పాఠమో బేరమో మీరే తేల్చి, ఒకటి పోస్టు డబ్బాలో వేయండి, రెండోది పొయ్యిలో పెట్టండి. అమ్మ చేతికి మాత్రం ఇవ్వకండి. ఆమె ఈ ఉత్తరం చదవకుండానే వస్తాననే దాన్ని పోస్టు చేసేస్తుంది.

పెద్దలందరికీ నా నమస్కారాలు. మీరు వాటిలో ఒకటి పోస్టు డబ్బాలో వేసేదాకా నేను రెండు ఊళ్లలోనూ ఉంటాను.

మీ దీవెనకు తల వంచి, మీ తీర్పుకు కళ్లు మూసుకుని,

మీ చిన్నోడు,
రమణ