బల్ల కింద గువ్వ

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, మీ మనవరాలు గువ్వా క్షేమం. క్షేమంగా లేనిది నా ఓపిక ఒక్కటే. నాన్న కులాసా అని, నువ్వు మోకాలి మాత్రలు మధ్యలో మానేయకుండా వేసుకుంటున్నావని అనుకుంటున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. గువ్వ ఇంకా ఆ నీలం గిన్నెలోనే తింటోంది. నువ్వు పంపిన గౌను సరిపోయింది, కాకపోతే మెడ దగ్గర లేబులు కత్తిరించాకే ఒంటిమీదికి రానిచ్చింది. కర్టెన్ల షాపులో ఊపిరాడని పని. ఎవరిదో హోటలు పరదాలన్నీ నా మిషను మీదే పడ్డాయి. "స్కూల్లో గొడవ సద్దుమణిగిందా?" అన్నావు. ఎక్కడ సద్దుమణుగుతుంది!

స్కూల్లో కరెంటు గంట పెట్టారు. అది మోగితే నాకే గుండె ఝల్లుమంటుంది. గువ్వ చెవులు మూసుకుని బల్ల కిందికి దూరుతోంది. తరగతిలో ఒకడున్నాడు, మేం చప్పట్ల వీరుడంటాం. వాడు గంట లేనప్పుడు కూడా వెనకనుంచి వచ్చి దాని చెవి పక్కన ఫట్‌మని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. చూస్తుండగానే అది తరగతి మొత్తానికి ఆటైపోయింది. టీచరు నన్ను పిలిపించింది.

"మీరే వచ్చి ఏదైనా బొమ్మల పుస్తకం చదివి పాప సంగతి పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి. అప్పటికీ కుదరకపోతే పాపని చివరి గదిలో విడిగా కూర్చోబెడదాం. ఆయా చూసుకుంటుంది" అంది.

చివరి గది అంటే విరిగిన కుర్చీలు పడేసే గది. నేను వెళ్లి చూసి మరీ వచ్చాను.

పుస్తకాలు కూడా టీచరే ఇచ్చింది. ఒకదాంట్లో అందరూ రంగుల్లో ఉంటారు, ఆటిజం ఉన్న పిల్లవాడు మాత్రం బూడిదలో పొర్లినట్టుంటాడు. చివరి పేజీలో తోటిపిల్లలు జాలిపడి కౌగిలించుకుంటే వాడికీ రంగొస్తుంది. ఇంకోదాంట్లో పిల్లవాడు ఎవరికీ రాని లెక్క చేసి స్కూలు పరువు నిలబెడతాడు, అప్పుడు గాని ఎవరూ వాడితో ఆడుకోరు. మన గువ్వకి లెక్కల్లో వచ్చే మార్కులు నీకు తెలుసుగా. దీనికి ఈ జన్మలో స్నేహితులుండరన్నమాట! విసుగెత్తి రెండూ తిరిగి ఇచ్చేశాను.

చివరికి లైబ్రరీ ఆవిడ ఒకటి వెతికి ఇచ్చింది. అందులో పిల్ల సంతోషం వస్తే చేతులు రెక్కల్లా ఆడిస్తుంది. చెప్పులన్నీ వరసగా పేరుస్తుంది. చప్పుడు ఎక్కువైతే దుప్పట్లో దూరుతుంది. ఎవరూ దాన్ని బాగుచెయ్యరు. పక్కింటి పిల్ల వచ్చి చెప్పుల వరసలో తన జత కూడా పెడుతుంది. అంతే కథ.

షాపు ఓనరు గొణుగుతున్నా సెలవు పెట్టి, వెళ్లి చదివాను. చదవడం అవగానే ఒక పిల్ల లేచి, "ఆంటీ, ఆటిజం అంటుకుంటుందా?" అంది. నేను నోరు తెరిచేలోపే గువ్వ లేచింది.

"అంటుకోదు. నీకు కావాలన్నా రాదు."

"మరెప్పుడు తగ్గుతుంది?" అన్నాడు చప్పట్ల వీరుడు.

"తగ్గడానికి జ్వరమా? నేను ఇలాగే ఉంటా. చప్పట్లు కొడితే చెవిలో నొప్పి పుడుతుంది. కొట్టకు."

వాడు కాసేపు బుర్ర గోక్కున్నాడు. "బల్ల కింద బాగుంటుందా? నేనూ రానా?"

"వద్దు. ఇరుకు."

పిల్లలు నవ్వారు. గువ్వా నవ్వింది. టీచరు మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఎంత చక్కగా మాట్లాడిందండీ, చూస్తే అలాంటి పిల్ల అని ఎవరూ అనుకోరు" అంది. మెచ్చుకుందో తిట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరి గది మాట మాత్రం ఎత్తలేదు. వీరుడు చప్పట్లు మానేశాడు. ఇంకొకడు మానలేదు. వాడి సంగతి చూడాలి.

ఇది చదువుతూ నువ్వు ఈపాటికి కళ్లజోడు సవరించుకుని ఉంటావు, తనకి ఆటిజం ఉందన్న మాట గువ్వకి ఎలా తెలిసిందని. "ఎదిగేదాకా దాని చెవిన పడనివ్వకు, నలుగురూ ఏమనుకుంటారు" అని ప్రతి ఉత్తరంలో రాశావుగా. అమ్మా, నేనే చెప్పాను. పిల్లలందరి మధ్యా కూర్చుని మొదటిసారి వినడం కంటే నా పక్కన కూర్చుని వినడం మేలనిపించింది. ముందురోజు సాయంత్రం వంటింట్లో ఆ పుస్తకం దాని ముందు పెట్టాను.

"ఈ పిల్ల నాలాగే చేతులాడిస్తోంది" అంది.

"అవును. ఆ పిల్లకి ఆటిజం ఉంది. నీకూ ఉంది."

పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. "ఈ బొమ్మలు వేసినవాళ్లకి నేను తెలుసా?"

"తెలీదు."

"అయితే నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారా?"

"బోలెడంత మంది."

చెప్పుల వరస బొమ్మ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. తర్వాత పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది: "నేను గదిలోకి రాగానే మీరందరూ మాటలాపేస్తారుగా. నేను చెడ్డపిల్లనేమో, అందుకే అనుకున్నా."

అమ్మా, నీ మీద కోపం వచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. దగ్గరికి తీసుకోబోతే, "గట్టిగా పట్టుకోకు" అంది. వదులుగా పట్టుకున్నాను.

"అమ్మమ్మకి తెలుసా?" అంది.

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నేనేదో నసిగాను. సెలవులకు మీ దగ్గరికి వచ్చినప్పుడు నిన్నే అడుగుతానంది. అడిగి తీరుతుంది, దాని సంగతి నీకు తెలుసు. ఏం చెబుతావో ఇప్పటినుంచే ఆలోచించుకో. 'పెద్దయ్యాక చెబుదామనుకున్నాం' అని మాత్రం అనకు. నేను ఆ ముక్క అన్నందుకు, "ఎంత పెద్దయ్యాక?" అని నిద్రపోయేదాకా వదల్లేదు.

ఇట్లు,
నీ మాట వినని
పెద్దకూతురు