గోడ వెనక చోటు

మా పెద్దోడికి అమ్మ వెయ్యి దీవెనలు పెట్టి చెప్పి రాయించేది. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం, నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నన్ను సగం మాట కూడా చెప్పనివ్వవు. ఉత్తరమైతే చివరిదాకా నోరు మూసుకుని వింటావు. రాస్తున్నది నీ పెళ్లామే.

పోయిన ఉత్తరంలో నా పన్ను సంగతి అడిగావు. పీకించేశాను, పీడ పోయింది. పళ్ల డాక్టరు నీ చిన్ననాటి స్నేహితుడు కదా, ఉద్యోగమిచ్చిన వాడితో నీ పెళ్లాం గొడవేమిటని నిన్న రాత్రి ఫోన్లో దాన్ని అడిగావట. గొడవపడింది అది కాదు, నేను.

పన్నుకి ఎక్స్‌రే తియ్యాలని నిన్న నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, ఒంటిమీద బరువైన సీసపు కప్పు కప్పారు. నీ పెళ్లాం నా నోట్లో ఫిల్మ్ పెట్టి, జారకుండా వేలితో నొక్కి పట్టుకుంది. దాని ఒంటిమీద ఏ కప్పూ లేదు. డాక్టరు గోడ వెనక్కి వెళ్లి బొత్తాం నొక్కాడు.

"నువ్వెందుకు దాక్కున్నావు నాయనా?" అన్నాను.

"కిరణాలు కదమ్మా. రోజంతా తీసేవాణ్ని, జాగ్రత్తగా ఉండాలి."

"అదీ రోజంతా పట్టుకునేదే కదా?"

నవ్వాడు. "తగిలేది కొంచెమే లెండి. ఫిల్మ్ పట్టే కడ్డీ ఉంది గానీ పిల్లలు పెట్టనివ్వరు. ఆవిడ వేలైతే చిటికెలో పనైపోతుంది."

నాకు ఒళ్లు మండింది. నా పన్నుకి ఆ ఫోటో కావాలి, తీశాడు, ఒప్పుకుంటాను. దీనికి ఏ పన్ను పుచ్చిందని రోజూ ఆ కిరణాల్లో నిలబెట్టాడు? "ఊరుకోండి అత్తయ్యా, ఉద్యోగం పోతుంది" అని నీ పెళ్లాం నా చెయ్యి గిల్లింది. ఊరుకున్నాననుకుంది. వచ్చేటప్పుడు ఆ గదికి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుని వచ్చేశాను. నిన్నటినుంచి గది మూతపడే ఉంది.

ఇందాక నీ స్నేహితుడు మన గుమ్మంలోకొచ్చాడు. "దవడ వాచిన పిల్ల ఏడుస్తోంది, తాళంచెవి ఇవ్వండమ్మా. పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలువు. ముందు ఆ కడ్డీ బయటికి తియ్యి. బొత్తాం నొక్కేటప్పుడు నా కోడలు గోడ వెనక ఉండాలి."

"అక్కడ ఒక్కరికే చోటమ్మా."

"అయితే నువ్వు వీధిలోంచి నొక్కు. ఆ చోటు ఇద్దరికి కావాలి. దానికి మూడో నెల."

ఇదిగో, ఇక్కడ కలం ఆపేసింది. రాయవే! కిందటిసారి నిలవలేదని, ఈసారి నెలలు గట్టిపడేదాకా నీకూ, ఆ డాక్టరుకూ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టాను. తగిలితే నాకే తగలనీ.

డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకు తెలియదమ్మా" అన్నాడు.

"కడుపు లేకపోతే మాత్రం దాని వేలు వేలు కాదా?" అన్నాను.

తాళంచెవి కోసం బయట నిలబడి ఉన్నాడు. ఏడ్చే పిల్లను ఏడిపించలేను, తాళంచెవి తీసుకుని నేనే వెళ్తున్నాను. కడ్డీ పెట్టాలి, కోడలు ఆ గదిలోంచి బయటికి రావాలి, అప్పుడే బొత్తాం. పిల్ల కడ్డీ ఉమ్మేస్తే సీసపు కప్పు కప్పుకుని నేను పట్టుకుంటాను, కాటికి కాళ్లు చాచినదాన్ని నాకేం. కాదంటాడా, తాళం తియ్యను. ఉద్యోగం పోతే పోనీ.

నువ్వు మాత్రం జవాబు నీ స్నేహితుడికి కాదు, ముందు నీ పెళ్లానికి రాయి. ఆ జవాబు వచ్చాక చదివి వినిపించమని నేను అడగను.

ఇట్లు,
కింద వేలిముద్ర వేసిన
నీ అమ్మ