వేగానికి పది మాటలు

జూన్ 1, సోమవారం. తెల్లవారుజాము 4:30

లేచాను! అలారం కంటే ముందే లేచాను. ఇది రాసిపెట్టుకోవలసిన సంగతి. అందుకే కొత్త నోటుబుక్కు.

జూన్ 14 ఆదివారం ఆదోనిలో సూపర్‌వైజర్ పరీక్ష. దేవనకొండ పక్కన మా ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా నేనే అంగన్‌వాడీ టీచర్ని. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇంక రాయనివ్వరు.

పోయినసారి రెండు మార్కుల్లో పోయింది. ఇంగ్లీషు పేపర్లో ఐదు ఖాళీలు ఇచ్చారు. ఐదూ వేగానికి సంబంధించినవే. ఐదింటిలోనూ ఫాస్ట్ అని రాసి, హాల్లో అందరికంటే ముందు లేచి వచ్చేశాను.

తీర్మానం:
1. రోజూ నాలుగున్నరకు లేవాలి.
2. రోజుకొక మాట. ఫాస్ట్, క్విక్, ర్యాపిడ్, సడన్, స్విఫ్ట్, ఇమ్మీడియట్, ఇన్‌స్టంట్, అబ్రప్ట్, హేస్టీ, ప్రాంప్ట్. పది రోజుల్లో అయిపోతాయి. మిగిలిన మూడు రోజులు తిరగేయడానికి.
3. ఫోన్ ముట్టకూడదు.
4. వాన పడినా సరే, రాళ్ల కోసం మద్దికెర పక్క చేలకు పోకూడదు.

నాలుగోది మా ఆయన ఓబన్నకు వినపడేలా పైకి చదివాను. తొలకరి పడితే ఎర్రచేలల్లో వజ్రాలు తేలతాయని మా జనమంతా పోతారు. ఓబన్న పన్నెండేళ్లుగా పోతున్నాడు. ఇంతవరకు దొరికినవి: గాజుపెంకు ఒకటి, చొక్కా గుండీ ఒకటి, నడుంనొప్పి.

జమ్రుద్‌బీ మేడమ్‌కు ఫోన్ చేశాను (ఈ ఒక్కరోజుకే ఫోన్). ఆదోనిలో నాకు ఎనిమిదో తరగతి ఇంగ్లీషు చెప్పిన టీచరు. రిటైరై పదేళ్లయింది.

"పుస్తకంలో వెతకొద్దు బేటీ. మీ ఇంట్లో, మీ ఊర్లో ఎవురికి ఏ మాట సరిపోతాదో సూడు. అప్పుడు జన్మకు మర్చిపోవు" అన్నారు.

జూన్ 2. 4:30

ఫాస్ట్ అంటే పోయే జోరు. క్విక్ అంటే తక్కువ సేపట్లో అయిపోయే పని. ఒకేరోజు రెండు మాటలు!

ఓబన్న మోటార్‌సైకిల్ మీద పత్తికొండకు పోవడం ఫాస్ట్. మందు కొట్టే పంపుకు వాచర్ తేవడానికి పొద్దున ఏడింటికి పోయి సాయంత్రం ఐదింటికి వచ్చాడు కాబట్టి క్విక్ కాదు. వాచర్ తేలేదు. టమాటా మార్కెట్ దగ్గర ఎవరో కలిశారట.

ఇంత సులువని తెలిస్తే పోయినసారే పాసయ్యేదాన్ని.

జూన్ 3. 4:50

ర్యాపిడ్. ఒకదాని మీద ఒకటిగా పెరిగిపోయేది. జ్వరంలో నాడి, ఊళ్లో పుకారు. నాడి ఉదాహరణ మా సెంటర్లో దొరికింది. పుకారుకు ఇంకా దొరకలేదు.

జూన్ 4. 5:40

సడన్. దీనిలో వేగమే లేదు, అనుకోకపోవడమే ఉంది. ఉదాహరణ మా అత్త ఉచ్చీరమ్మ. అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. నేను చక్కెర డబ్బా మూత తీస్తే మాత్రం వెనకాలే ఉంటుంది. "మే లక్ష్మీ, ఎన్ని సెంచాలేస్తావ్?" అంటుంది.

జూన్ 6, శనివారం. సాయంత్రం

నిన్న రాయలేదు. పిల్లల బరువులు ఆన్‌లైన్లో ఎక్కించమన్నారు. అది కూడా చదువులాంటిదే.

5:00 వాన! సడన్!
5:40 తగ్గింది.
6:00 ఓబన్న టిఫిన్ క్యారియర్ కడుగుతున్నాడు. మా పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆయన చేతిలో పీచు చూడడం ఇదే మొదలు.

"రేపు ఆదివారమే కదమే. సెంటర్ ల్యాకపాయె. నువ్వూ రా. నీ కండ్లు సన్నవి, బాగా కనపడతాయి" అన్నాడు.

రానని చెప్పాను. తీర్మానం నంబరు నాలుగు చదివి వినిపించాను.

జూన్ 7, ఆదివారం. మద్దికెర పక్క చేలు, పొద్దున 8:00

చదువుకోవడానికి ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంది. నోటుబుక్కు తెచ్చుకున్నాను కాబట్టి తీర్మానం తప్పినట్టు కాదు.

మూడు వందల మంది ఉంటారు. అందరూ తలవంచుకుని, అంగుళం అంగుళం నడుస్తున్నారు. సడన్‌గా బాగుపడాలని ఇంత నెమ్మదిగా నడిచే జనాన్ని ఎక్కడా చూడలేదు. వజ్రం అనే మాట ఎవరూ పలకరు. రాయి అంటారు.

సాయంత్రం 7:00, ఇంట్లో

జరిగింది జరిగినట్టు రాస్తాను.

9:30కి స్విఫ్ట్ అని రాస్తుంటే పెన్సిల్ జారి బురదలో పడింది. వంగి తీసుకున్నాను. మళ్లీ పడకుండా కొంగున ముడివేసి నడుముకు చెక్కుకున్నాను.

రాళ్ల చేలో వంగి ఏదో తీసి కొంగున ముడేసుకున్న ఆడమనిషిని జనం ఎలా చూస్తారో నాకు తెలియాలి. పుట్టి పెరిగింది ఈ సీమలోనే. అయినా తోచలేదు.

తలెత్తేసరికి చుట్టూ ఇరవై మంది ఉన్నారు. చప్పుడు లేదు, తొక్కిసలాట లేదు. గురి చూసుకుని తేలిగ్గా వచ్చేశారు. స్విఫ్ట్ అంటే ఇదే.

"ఏం దొరికె అక్కా?"

"పెన్సిల్."

"పెన్సిల్ అంటాంది సూడప్పా! ఎంత తెలివి!"

జూన్ 8. 6:10

రాళ్లు కొనే దళారి ఫోన్‌తోనే లేచాను. నంబరు ఎవరిచ్చారో తెలియదు. ఇమ్మీడియట్ అంటే మధ్యలో సందు లేనిది.

ర్యాపిడ్‌కు పుకారు ఉదాహరణ దొరికింది. నాకు దొరికిన రాయి దేవనకొండలో శనగగింజంత అన్నారట. పత్తికొండ చేరేసరికి రేగిపండంత అయింది.

జూన్ 9

చదవలేదు. కారణం: బంధువులు.

ఐదేళ్లుగా మాట్లాడని ఆడబిడ్డ గౌరి ఎమ్మిగనూరు నుంచి మైసూర్‌పాక్ పట్టుకుని వచ్చింది. "వదినా, సిక్కిపోయినావ్" అని నా బుగ్గ నిమిరింది. ఇన్‌స్టంట్ ప్రేమ. నీళ్లు పోయగానే తయారు. కొంగుముడి విప్పి పెన్సిల్ చూపించాను. కాఫీ సగంలో పెట్టి లేచి పోయింది. అబ్రప్ట్. మైసూర్‌పాక్ తీసుకుపోవడం మరిచిపోయింది, అది బాగుంది.

జూన్ 10

చదవలేదు. కారణం: ఓబన్న.

పాలు పిండి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మే, ఊరికి సెప్పొద్దులే. నాకన్నా నిజం సెప్పు."

ఈయన అప్పుడే ఎవరితోనో పాత ట్రాక్టర్ మాట్లాడుకున్నాడు. హేస్టీ అంటే తొందరపడి చెడగొట్టుకునేది. ఇరవై రెండేళ్ల కాపురం పెన్సిల్ దగ్గర తేలిపోయింది. నాకు చాలా బాధ అనిపించింది. మైసూర్‌పాక్ మొత్తం నేనే తిన్నాను.

జూన్ 12

మేడమ్ ఫోన్ చేశారు. "సదువుతాండావా బేటీ?"

"ఇదో సదువుతాండా మేడమ్" అన్నాను. అప్పుడు నేను చింతపండు గింజలు తీస్తున్నాను.

మిగిలింది ప్రాంప్ట్ ఒక్కటే. రేపు.

జూన్ 13, శనివారం

మళ్లీ వాన. ఓబన్న సాయంత్రమే రాళ్ల చేలకు బండి తీశాడు. ఆడనే పండుకుంటాడట. "తెల్లారి ఆరుకంతా ఇంట్లో ఉంటా. నిన్ను ఆదోనిలో ఫాస్ట్‌గా దింపుతా" అన్నాడు. ఫాస్ట్ సంగతి నాకు తెలుసు. అందుకే ఆటో మాట్లాడుకున్నాను.

ప్రాంప్ట్ రేపు దారిలో చూసుకోవచ్చు.

జూన్ 14, ఆదివారం. పరీక్ష

గేటు తొమ్మిదింటికి మూసేస్తారు.

6:00 ఆటో రాలేదు. ఊళ్లో ఉన్న ఏడు ఆటోలూ తెల్లవారకముందే జనాన్ని ఎక్కించుకుని రాళ్ల చేలకు పోయాయట.
6:15 ఓబన్నకు ఫోన్. "ఇదో వచ్చినా."
6:40 "వచ్చినా వచ్చినా." వెనకాల ఎవరో "ఆ గట్టు పక్క సూడప్పా" అంటున్నారు.
7:00 "ఇదో, ఊరి దగ్గరుండా."
7:20 ఎత్తలేదు.
7:45 వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రబురద. నా ముఖం చూసి, దిగకుండానే బండి తిప్పాడు.

బండి వెనక కూర్చుని ఏడ్చాను. గాలికి కన్నీళ్లు చెవుల్లోకి పోయాయి. పంతొమ్మిదేళ్లు ఊరి పిల్లలందరినీ తూచాను. నా సంగతి తూచేరోజున ఎవరూ లేరు అనిపించింది.

8:50కి మేడమ్ ఫోన్. పరీక్ష జరిగే కాలేజీ గేటు దగ్గరే ఉన్నారట. "యాడుండావ్?"

పక్కన రాతి మీద ఆదోని పన్నెండు కిలోమీటర్లు అని ఉంది.

"ఇదో వచ్చినా మేడమ్" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఓబన్న వీపు కదిలింది. నవ్వాడో ఏడ్చాడో తెలియదు.

9:14కి చేరాం. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్లు అరిగిపోయిన మనిషి, చిన్నగేటు రెక్క పట్టుకుని నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ చోటే సాబ్‌తో పావుగంటగా ఒకటే మాటట. "ఇదో వచ్చింది. సందు తిరిగింది. ఇదో!" ఆయన ఆరో తరగతిలో మేడమ్ దగ్గర ఇంగ్లీషు తప్పినవాడు. ఇప్పటికీ భయమే. గేటు మూయలేకపోయాడు.

కాళ్లకు మొక్కబోతే కసిరారు. "మొక్కేది తర్వాత. పరుగెత్తు!"

పేపర్లో ఐదు ఖాళీలు. మూడు పెద్ద అనే అర్థానివి. బిగ్, లార్జ్, గ్రేట్ ఇచ్చారు. మూడింటిలోనూ బిగ్ అని రాశాను. నాలుగోది: పుకారు విన్న జనం ___గా పెరిగారు. ర్యాపిడ్! చెయ్యి దానంతటదే రాసింది. ఐదోది: ఆమె విధులకు ఎప్పుడూ ___గా హాజరవుతుంది. ఇచ్చినవి సడన్, ప్రాంప్ట్. ఆలోచించి సడన్ అని రాశాను. నా సంగతి అదే కదా.

జూలై 5, ఆదివారం

రాతపరీక్ష పాసయ్యాను!! కావలసినదానికంటే ఒక్క మార్కు ఎక్కువ. ఆ ఒక్కటీ ర్యాపిడ్ అని నా నమ్మకం. పెన్సిల్‌ను దేవుడి పటం ముందు పెట్టాను. ఓబన్న దానికి కుంకుమ పెట్టి, "తప్పయిపాయ లచ్చుమీ" అన్నాడు. ఊళ్లో మాత్రం రాయి అమ్మి పాసయిందంటున్నారు.

మేడమ్‌కు చెప్తే ఫోన్లోనే ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. తర్వాత అడిగాను: "మేడమ్, మన ఇదో వచ్చినా ఉందే, దానికి ఇంగ్లీషులో ఏం మాట?"

"ల్యాదు బేటీ. వాళ్లకు గేటు కాడ నిలబడే పని పడలేదేమో."

జూలై 19న ఇంటర్వ్యూ. ఇంగ్లీషులో మాట్లాడాలట.

తీర్మానం:
1. రోజూ నాలుగున్నరకు లేవాలి.
2. రోజుకొక మాట. మొదటిది ప్రాంప్ట్.
3. పెన్సిల్ ఇంట్లోనే ఉండాలి.

జూలై 6, సోమవారం. 4:30

అలారం మోగింది. బయట మబ్బు పట్టి చల్లగా ఉంది. ఓబన్న కాఫీ పెట్టి వంటింట్లోంచి కేకేశాడు. "మే, లేసినావా?"

"ఇదో లేసినా" అన్నాను.

ఇది దుప్పట్లోంచే రాస్తున్నాను.