ఢిల్లీ దాటిన రసాలు

ఏవండీ,

కంగారు పడకండి, హిమాలయాల్లో స్పితి లోయకి క్షేమంగా చేరాను. ఇక్కడ సిగ్నల్ లేదు, అందుకే ఈ ఉత్తరం.

"పక్కనున్న ఆగిరిపల్లికే ఒక్కదానివీ వెళ్ళవు, హిమాలయాలకి వెళ్తావేంటి?" అన్నారు మీరు. ప్యాకేజీ టూరు కాకుండా, దారంతా నేనే కనుక్కుని బస్సులు మారుతూ వచ్చాను.

ఒక్క పొరపాటు చేశాను. మీరు ఢిల్లీ మార్కెట్‌కి పంపే లారీలో సర్దినట్టే, పచ్చి చిన్నరసం మామిడికాయల్ని వరిగడ్డిలో పెట్టి తెచ్చాను. ఈ చలికి అవి మగ్గలేదు. నేనున్న ఇంటావిడ పొయ్యి పక్కన పెడితే ఇవాళ పండాయి. ఆవిడ కోయడానికి చాకు తెచ్చింది. నేను ఆపి, మెత్తగా పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవడం నేర్పాను. ఇంటిల్లిపాదీ మోచేతుల దాకా రసం కార్చుకుంటూ ఒకటే నవ్వు!

ఇన్నేళ్ళూ మీ సరుకు ఢిల్లీలోనే ఆగిపోయేది. నేను దాటించాను.

ఇట్లు,
మీ ఆవిడ