సున్నాల వరస

శ్రీవారికి, మీ ఇంటావిడ నమస్కారాలు. నేనూ పాపా కులాసాగానే ఉన్నాం. ఓడ ఇంజను గదిలో ఆ మోతకు మీ తలనొప్పి ఎలా ఉందో రాయలేదు. వంటింటి కుళాయి సంగతి అడిగారు. బాగు చేయించాను. ఇప్పుడు కారడం లేదు, అసలు నీళ్ళే రావడం లేదు.

మా బడికి పిల్లల మనసు చూసే డాక్టరమ్మ వచ్చారు. వారం రోజులు నా క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. నాకో ఫారం ఇచ్చి, ఏ పిల్లతో ఎంత సమస్యో సున్నా నుంచి అయిదు దాకా వేయమన్నారు. మా క్లాసులో ఆ వాగుడుకాయ పిల్ల ఉందిగా, దానికి అన్ని గడుల్లోనూ అయిదులు వేసి చేతులు దులుపుకున్నాను. నా క్లాసులోనే చదివే మన పాపకు వరసగా సున్నాలు. లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆవిడా ఒక ఫారం నింపారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాగుడుకాయకు ఒకటి, మన పాపకు అయిదు. నాకు ఒళ్ళు మండింది.

"పాపతో నాకే ఇబ్బందీ లేదండీ. క్లాసులో ఉందో లేదో కూడా తెలీదు," అన్నాను.

"మీ ఇబ్బంది కాదమ్మా, పాప ఇబ్బంది చూడండి. పక్కపిల్ల తన పెన్సిలు లాక్కుంటే ఊరుకుంది. ఆ పెన్సిలుతోనే తన చెయ్యి గుచ్చితే, అప్పుడూ ఊరుకుంది. ఎప్పట్నించి ఇలా ఉంది?"

ఎప్పటినుంచో నాకు తెలుసు. మీకు ఇన్నాళ్ళూ రాయలేదు. మీరు బయల్దేరిన రోజు పాప ఏడుపు లంకించుకుంటే, గదిలోకి లాక్కెళ్ళి, "నువ్వేడిస్తే నాన్నకి మంచిది కాదు, నోరు మూసుకో" అని కసిరాను. తర్వాత అది నవ్వుతూ చెయ్యి ఊపింది, మీరు మురిసిపోయారు. తప్పు నాదే.

డాక్టరమ్మ చెప్పినట్టు నిన్న సాయంత్రం పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఆ రోజు అమ్మ తప్పు చెప్పింది. ఏడిస్తే ఎవరికీ ఏమీ కాదు," అన్నాను.

"ఓడ మునిగిపోదా?" అంది.

"మునగదే తల్లీ."

అంతే, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. నేనూ ఏడుస్తూనే, "ఏం లేదు పిన్నిగారూ, బాగానే ఉన్నాం," అని పంపించాను.

వారానికోసారి పాపను తీసుకురమ్మన్నారు డాక్టరమ్మ. కుదుటపడుతుందన్నారు. మీరు ఈసారి దానికి బుద్ధిగా ఉండమని రాయకండి. మాకోసం బెంగపడి మీరూ ఒకసారి ఏడ్చానని రాయండి. అయినా ఓడ చక్కగా నడుస్తోందని రాయండి.

ఇట్లు,
మీ కోపిష్టి పెళ్ళాం