పొయ్యి ముందర కూర్చునే కాలు

1938 మార్చి 14, సోమవారం

డాక్టరమ్మ ఈ రోజు కట్టుబద్దలు చేసే స్ప్లింట్ రూము తాళంచెవి నా చేతిలో పెట్టారు. మద్రాసు ట్రైనింగులో సెల్యులాయిడ్‌తో కాళ్లు చేసే పని చూసిన నర్సువి నువ్వొక్కతెవే కరుణమ్మా, ఈ మార్కాపురం ఆసుపత్రిలో ఆ పని నీదే అన్నారు. భయంగా ఉంది. సంతోషంగానూ ఉంది.

మొదటి కేసు సుబ్బులమ్మ. పెద్దారవీడు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. పోయిన వానల్లో మేకలు తోలుకుపోయి కొండ కింద రక్తపింజర మీద కాలు వేసింది. ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశాం. ఇప్పుడు కర్ర పట్టుకుని గెంతుతుంది. ఆమెకు కాలు చేయాలి, అదీ త్వరగా కావాలంటుంది. ఎందుకింత తొందర అని అడిగితే, మేకలు మా ఆయన మాట ఇనవక్కా, ఆయన అదిలిస్తే నా దిక్కు చూస్తాయి అన్నది. భర్త గురవయ్య పక్కనే ఉన్నాడు. కాదనలేదు.

మార్చి 18

గిద్దలూరులో డేరా వేసిన టూరింగ్ టాకీసు వాళ్లు తెగిపోయిన ఫిల్ము గోనెసంచి నిండా ఇచ్చారు. సెల్యులాయిడ్ అంటే అదే. అసిటోన్ టిన్నులు మద్రాసు నుంచి రైల్లో వచ్చాయి. వాటితో ఒక ఇంగ్లీషు కాగితం. చదివి ఫైల్లో పెట్టాను.

పని ఇట్లా. ఫిల్మును చాకలిసోడా కలిపిన నీళ్లలో కడిగి, ముక్కలు చేసి, అసిటోన్‌లో వేస్తే కరిగి బంకలా అవుతుంది. కాలి అచ్చు మీద పల్చని గుడ్డ చుట్టి బంక పూయాలి. ఆరాక మళ్లీ గుడ్డ, మళ్లీ బంక. అసిటోన్ గాలిలో కలిసిపోతుంది, గట్టి పెంకు మిగులుతుంది. కింద పాదం మాత్రం చెక్కది. అది మా వడ్రంగి యాకోబు చెక్కుతాడు.

ఎండకు వేడెక్కిన టిన్ను మూత తీయగానే బుస్సుమంది. తియ్యని వాసన, ముక్కులో గుచ్చుకునే వాసన. సాయంత్రానికి తల తిరిగింది.

మార్చి 24

వేళ్లు తెల్లబడి పగిలాయి. ఆముదం రాశాను.

మార్చి 29, సాయంత్రం 5

రూము కాలిపోయింది. మనుషులం బతికాం. ముందు అది రాయాలి.

పొద్దుట్నించీ దుమ్ముగాలి. తడి బంక మీద దుమ్ము పడుతుందని కిటికీ మూసి పని చేస్తున్నాను. తలుపు అవతల వరండాలో యాకోబు చెక్క అతికించే సరేసు గిన్నెను కుంపటి మీద పెట్టుకున్నాడు. నాకూ ఆ కుంపటికీ అయిదు గజాలు ఉంటుంది. అంత దూరం చాలదా అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, అసలు దాని సంగతే తలపుకు రాలేదు.

తలుపు కింద నుంచి నీలం మంట లోపలికి వచ్చింది. నేల మీద, పాము పాకినట్టు, నా వైపే. వచ్చి నా ముందున్న బంక గిన్నెను అందుకుంది. భగ్గుమంది. యాకోబు నన్ను రెక్క పట్టి బయటికి లాగి, ఇసుక బకెట్టుతో లోపలికి పోయాడు. చీర కుచ్చెళ్లు మాడాయి. అతని కుడి చెయ్యి బొబ్బలెక్కింది. చేసిన కాలు, అచ్చు, ఫిల్ము సగం సంచి పోయాయి. పలకరాతి కప్పు కాబట్టి వార్డుకు అంటుకోలేదు.

డాక్టరమ్మ వచ్చి ఎవరి తప్పని అడిగారు. కుంపటి నాదమ్మా, తప్పు నాదే అన్నాడు యాకోబు. నేను నోరు విప్పలేదు.

మార్చి 30, ఉదయం 7

ఆ ఇంగ్లీషు కాగితం మళ్లీ తీసి చదివాను. అసిటోన్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల బారున పారుతుంది, దూరాన నిప్పు దొరికినా అంటుకుని వెనక్కి పరుగెత్తి వస్తుంది. అంతా ఉంది. నేను చదివాను. యాకోబుకు ఇంగ్లీషు రాదు. నేను చెప్పలేదు.

అదే రోజు, 10

డాక్టరమ్మ దగ్గరకు పోయి చెప్పేశాను. కిటికీ మూసింది నేను, కాగితం ఫైల్లో పెట్టింది నేను అని. ఆమె కాగితం తెప్పించుకుని చదివారు. రూము ఇక మూసేద్దామనుకున్నాను అన్నారు. ఒక్క కాలు చేసి చూపించు, మళ్లీ ఇట్లాంటిది జరిగితే ఆ తాళంచెవి బావిలో వేస్తాను అన్నారు.

యాకోబుకు కట్టు మార్చాను. ఏంది కరుణమ్మా, నేను చెప్పినదాంట్లో నీకేం నష్టమొచ్చినాది, ఊరకుండరాదా అన్నాడు. ఊరుకోలేకపోయాను అన్నాను.

ఏప్రిల్ 6

కాంపౌండు కొసన కొత్త షెడ్డు. నాలుగు స్తంభాలు, పైన పలకరాయి. గోడలు లేవు. దుమ్ము పడితే పడనీ, తుడుచుకుంటాం.

పెద్ద పలక ఒకటి తెప్పించి తెలుగులో రాసి స్తంభానికి కట్టాను. యాకోబు చేత గట్టిగా చదివించాను. కుంపటి, బీడీ, లాంతరు ఏవీ ఇటు రాకూడదు. గాలి వీపుకు తగిలేట్టు కూర్చోవాలి. పూటకు కావలసినంతే వంచుకుని టిన్ను మూత వెంటనే బిగించాలి. టిన్ను నీడలో తడి ఇసుకలో ఉండాలి. తుడిచిన గుడ్డలు మూతున్న డబ్బాలో వేసి దూరంగా పెట్టాలి. చేతికంటిన బంకను అసిటోన్‌తో కడగరాదు, ఆరాక ఒలుచుకోవాలి. తల తిరిగితే లేచి పోవాలి, సిగ్గుపడరాదు.

చివరి మాట యాకోబు రాయించాడు. అతను నిన్న తల తిరుగుతున్నా చెప్పకుండా కూర్చున్నాడట.

ఏప్రిల్ 20, మధ్యాహ్నం

కాలిపోయినదాని బదులు చేస్తున్న రెండో కాలు దాదాపు అయింది. బాగా వచ్చింది. సుబ్బులమ్మ కొలత సరిచూసుకోవడానికి వచ్చింది. గురవయ్య చెవిలో బీడీ చూసి షెడ్డు బయటే ఆపేశాను. ఆమె అదంతా చూసి పలక మీద ఏం రాసినావక్కా అని అడిగింది. చదివి వినిపించాను.

కాసేపు కాలును తిప్పి తిప్పి చూసింది. ఈడ నిప్పే వద్దంటివి గదా, నేను పొద్దన లేస్తే పొయ్యి ముందర కూచోవాల, నిప్పురవ్వ ఎగిరి పడితే ఈ కాలు ఏమైతాది అని అడిగింది.

కాలు పక్కన పెట్టి, ఫిల్ము సంచి మూతి విప్పాను.

4 గంటలు

ఖాళీ స్థలంలో ఫిల్ము ముక్క ఒకటి పట్టకారుతో పట్టి అగ్గిపుల్ల చూపించాను. రెప్ప వేసేలోపు లేదు. అది బంకగా మారినా, పెంకుగా మారినా అదే పదార్థం. సొంత కాలు ఒకటి పోయిన మనిషికి తుపాకీమందు కూరిన కాలు తొడగబోయాను.

వంట చేసేటప్పుడు కాలు విప్పమని ఆమెకు చెప్పు అన్నారు డాక్టరమ్మ. సుబ్బులమ్మతో చెప్తే నవ్వింది. ఇప్పి పక్కన పెడితే మళ్లా గెంతడమే గదా అన్నది.

ఆ కాలు ఇవ్వలేదు. యాకోబు పాదం ఊడదీసి దాచాడు.

ఏప్రిల్ 22

స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. మద్రాసు ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ముల అంచున సేఫ్టీ అని అక్షరాలు ఉండేవి. మా ట్రైనింగు సిస్టర్ అవి సినిమా ఫిల్ములా మండవని చెప్పింది. అవీ అసిటోన్‌లో కరుగుతాయా? తెలియదు. తడి జుట్టుతోనే ఆ సిస్టర్‌కు ఉత్తరం రాశాను.

మే 3

జవాబు లేదు.

మే 11

మద్రాసు నుంచి ఎక్స్‌రే ఫిల్ముల పార్సిల్ వచ్చింది. పాతవి, పారేయబోయేవి, రెండు వందల దాకా.

వేడి సోడా నీళ్లలో నానబెట్టి రుద్దాం. ఒక పిల్లవాడి చెయ్యి. ఎవరివో పక్కటెముకలు. విరిగిన తుంటి. వేళ్ల కింద నల్లగా కరిగి నీళ్లలో పోతున్నాయి. యాకోబు ఒక్కొక్కటి వెలుగుకు పట్టి చూసి, వీళ్లందరూ బాగైనారంటావా అని అడిగాడు. కొందరైనా బాగై ఉంటారు అన్నాను. ఆరేసిన తాడు మీద అద్దాల్లా మెరిశాయి.

మే 12

అగ్గిపుల్ల పరీక్ష. ముడుచుకుంది, కమిలింది, బొట్టు కారింది, మెల్లగా మండింది. పుల్ల తీసేయగానే ఆరిపోయింది. ఇది మాట ఇంటాది అన్నాడు యాకోబు.

అసిటోన్‌లో వేశాం. పలక మీది మాటలన్నీ అట్లాగే పాటించాం. కరిగే పదార్థం మారింది గాని, కరిగించేది మారలేదు కదా.

మే 14

కరిగింది. తేనెలా ఉంది.

మే 31

కాలు పూర్తయి వారమైంది. వాసన బొత్తిగా పోయేదాకా గాలికి వేలాడదీశాం. నిన్న ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. డాక్టరమ్మ కూడా వాసన చూశారు. తాళంచెవి అడగలేదు.

జూన్ 2

సుబ్బులమ్మ నిలబడింది.

తోలు పట్టీలు బిగించాను. ఇది అసలే కాలదని కాదు, పొయ్యికి మూరెడు ఎడం ఉండాలి, రవ్వ పడితే దులిపేయి చాలు అని చెప్పాను. ఎక్స్‌రే సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండే అలవాటు మానుకున్నాను. ఎంతమంది ఎముకలక్కా దీంట్లో అని అడిగింది. చాలామందివి అన్నాను. అట్లయితే గట్టిదే అన్నది.

వరండా ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగుసార్లు నడిచింది. మూడోసారి కర్రను గురవయ్య చేతికిచ్చింది. అతను దాన్ని ఏం చేయాలో తెలియక రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. యాకోబు ముఖం తిప్పుకుని పాదం కొంచెం ఎత్తయినట్టుంది, ఇంకాస్త చెక్కాల అన్నాడు. ఎత్తు సరిగ్గానే ఉంది.

డాక్టరమ్మ గిద్దలూరు వైపు కాలు కావలసినవాళ్లు ఇంకో ఇద్దరు ఉన్నారు అన్నారు. అంతే అన్నారు.

జూలై 9

పెద్దారవీడు దారి. వాన వెలిసింది. బండి మీద నుంచి చూశాను: బురదలో మేకల గిట్టలు లెక్కలేనన్ని, వాటి నడుమ అయిదు వేళ్ల అడుగొకటి, వేళ్లు లేని అడుగొకటి, కొండ వైపు.